నోటి పాటకు పీహెచ్‌డీ: మన పక్కూరి రామరాజు గారి కథ

మడికొండలో మా నాయనమ్మకు బతుకమ్మ పాటలు చాలా వచ్చు. పోయిన దసరా సెలవుల్లో ఫోన్ ముందు పెట్టి రికార్డ్ చేద్దామని కూర్చున్నా. ఆమె నవ్వింది. "గివి దాసుకునుడేంది బిడ్డా, నోటికొస్తయి గదా" అంది. రెండో పాట సగంలో ఆగిపోయింది. తర్వాతి చరణం ఎంతకీ గుర్తుకు రాలేదు. ఇంకెవరికైనా వచ్చా అని అడిగితే, వచ్చినోళ్లు ఇప్పుడు లేరంది.

అప్పటి నుంచి నాకొక డౌట్. ఇలాంటి పాటల్ని చదువుకున్నవాళ్లు ఎవరైనా సీరియస్‌గా పట్టించుకున్నారా? వెతికితే సమాధానం పక్కూళ్లోనే దొరికింది. ధర్మసాగర్ వైపు, ఇనుపరాతి గుట్టల దగ్గరి దేవనూరులో 1925లో పుట్టిన బిరుదురాజు రామరాజు గారు. తెలుగు జానపద సాహిత్యం మీద మొదటి పీహెచ్‌డీ ఆయనదే.

ఆయన పని అర్థం కావాలంటే ముందు జర్మనీ వెళ్లి రావాలి. స్నో వైట్ కథ తెలుసు కదా? దాన్ని అచ్చు వేసిన గ్రిమ్ అన్నదమ్ములు నిజానికి భాషాశాస్త్ర పండితులు. అన్న యాకోబ్ భాషల మధ్య ధ్వనులు ఎలా మారతాయో సూత్రం చెప్పాడు. సంస్కృతంలో 'పాద', 'పితృ' అనే మాటల్లోని 'ప' ఇంగ్లిష్‌లో 'ఫుట్', 'ఫాదర్' అని 'ఫ' అవుతుంది. ఒకటి రెండు మాటల్లో కాదు, ఒక పద్ధతిగా. అదే యాకోబ్ తమ్ముడితో కలిసి 1812లో జనం చెప్పుకునే కథల్ని పుస్తకంగా తెచ్చాడు. వాళ్ల దృష్టిలో నిఘంటువు, వ్యాకరణం, ముసలమ్మ చెప్పే కథ మూడూ ఒకే సబ్జెక్టు.

మన దగ్గర పరిస్థితి వేరు. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో నిజాం కాలమంతా చదువు ఉర్దూలోనే. తెలుగు ఇంట్లో, పొలంలో ఉండేది. తెలుగు చదివేవాళ్లకు కూడా సాహిత్యం అంటే కావ్యాలు, ప్రబంధాలు. నాట్లేసే ఆమె పాడేది సాహిత్యం అని ఎవరనుకుంటారు? రామరాజు గారు ఉస్మానియాలోనే దానిమీద పరిశోధన చేశారు. అది 1958లో 'తెలుగు జానపదగేయ సాహిత్యము' అనే పుస్తకంగా వచ్చింది.

ఇందులో కష్టం ఏంటో మన సీఎస్ఈ భాషలో చెప్తా. కావ్యానికి రచయిత ఉంటాడు. చేతిరాతలు పది రకాలుగా ఉన్నా, వాటిని పోల్చి అసలు పాఠం ఇదీ అని ఊహించొచ్చు. జానపద గేయానికి ఆ మెయిన్ బ్రాంచే ఉండదు, అన్నీ ఫోర్కులే. మా ఊళ్లో ఒక మాట, పక్కూళ్లో ఇంకో మాట. ఏది కరెక్ట్ అని అడగడమే తప్పు. ఎవరు, ఎక్కడ, ఏ పని చేస్తూ పాడారో తెలిస్తేనే పాట సగం అర్థమవుతుంది. సేకరించేవాడు భాషను "సరిచేస్తే" ఆ సమాచారం పోతుంది. గ్రిమ్ సోదరులే ఆ పని చేశారు. ఎడిషన్ మారేకొద్దీ కథల్ని నున్నగా చెక్కుతూ పోయారు.

రామరాజు గారు పాటలతో ఆగలేదు. ఉర్దూ-తెలుగు నిఘంటువు చేశారు, తాళపత్ర గ్రంథాలు సేకరించారు, 'ఆంధ్రయోగులు' సంపుటాలు రాశారు. ఆయన పుస్తకాల పేర్లు చూడండి: 'చరిత్రకెక్కని చరితార్థులు', 'మరుగునపడిన మాణిక్యాలు'. ఎవరూ చూడని మూలల్లో వెతకడమే ఆయన కెరీర్ అనిపిస్తుంది. 2010లో చనిపోయారు. ఇప్పుడు తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం మన వరంగల్‌లోనే ఉంది. మనలో ఎంతమంది అటు వెళ్లాం? నేనైతే ఇంకా వెళ్లలేదు.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. నాయనమ్మ పాటలో సగం మాటలకు అర్థం అడగాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టుకున్నా. పాట, పాడినవాళ్లు, ఊరు, తేదీ, ఎప్పుడు పాడతారు అని కాలమ్‌లు గీశా. మొన్న మా మేనత్త ఆ ఆగిపోయిన చరణం పాడింది. నాయనమ్మ విని "అట్ల కాదే" అంది, అసలు ఎట్లనో మాత్రం చెప్పలేకపోయింది. ఆ చరణం, ఆ మాట రెండూ రాసుకున్నా.

ఈ సెలవులకు ఇంటికెళ్తే మీరూ ఒక్క పాటైనా రికార్డ్ చేసుకోండి. పూర్తిగా గుర్తున్నప్పుడే.