పాత పికప్ బండికి విద్యుత్ ఫ్యాను

చెత్త సేకరణకు పాత పికప్ బండిని వాడు పంచాయతీలకు వేసవిలో ఒక చిక్కు ఎదురగుచుండును. రహదారిపై బాగుగా నడచు బండి, ఇంటింట ఆగుచు సాగునపుడు వేడెక్కిపోవును. ఇందుకు కారణమేమి? పాత బండిలో రేడియేటరు ఫ్యానును ఇంజనే త్రిప్పును. ఇంజను నెమ్మదించిన ఫ్యానును నెమ్మదించును, ఎదురుగాలియు ఉండదు.

విద్యుత్ ఫ్యాను బ్యాటరీపై తిరుగును గనుక ఇంజను వేగముతో దానికి నిమిత్తము లేదు. నీటి వేడి సుమారు 95 సెంటీగ్రేడు డిగ్రీలకు చేరగనే ఒక స్విచ్చి దానిని నడిపించును, చల్లబడగనే ఆపును.

అయితే సొమ్ము మంజూరు చేయుటకు ముందు సభ్యులు మూడు సంగతులు విచారింపవలెనని మా మనవి. మొదటిది: రేడియేటరు పూడినదా, బెల్టు వదులైనదా? అట్లయిన ముందు దానిని బాగుచేయింపవలెను. బెల్టు బిగించిన తీరు పనికి ఫ్యాను కొనుట ప్రజాధనమునకు నష్టము. రెండవది: ఆల్టర్నేటరు చాలునా? 12 వోల్టుల బండిలో 60 వాట్ల హెడ్‌లైట్లు రెండింటికి 10 ఆంపియర్లు కావలెను. పెద్ద ఫ్యాను ఒక్కటే 20 ఆంపియర్లు కోరవచ్చును. చాలనిచో బ్యాటరీ దిగిపోవును. మూడవది: రిలే, ఫ్యూజు, తగినంత లావుగల తీగ ఉన్నవా? లేనిచో నిప్పు భయము కలదు.

పాత రెక్కలను తీసినను, నీటిపంపును త్రిప్పు బెల్టును తీయరాదు. ఇంజను ఆగిన పిదప కూడ విద్యుత్ ఫ్యాను తిరుగవచ్చును. అందు చేయి పెట్టరాదని డ్రైవరుకు తప్పక తెలుపవలెను.