మీకు తెలుసా? రికార్డు బరువుకూ పాట నాణ్యతకూ ఉన్న సంబంధం

సాధారణ ఎల్పీ రికార్డు సుమారు 120 నుంచి 140 గ్రాములు తూగుతుండగా, ఎక్కువ ధర పలికే మందపాటి రికార్డు 180 గ్రాముల దాకా ఉంటుంది. అయితే ముల్లు నడిచే గాడి, అంటే ధ్వని తరంగాలు చెక్కి ఉన్న సన్నని చాలు, రెండింటిలోనూ మిల్లీమీటరులో పదో వంతు లోతైనా ఉండదు కనుక, రెండు ముఖాల నడుమ చేరిన అదనపు వినైల్ పాటకు చేర్చేదేమీ లేదు. 1970ల ఆరంభంలో ఆర్‌సీఏ సంస్థ డైనాఫ్లెక్స్ పేరిట తెచ్చిన, చేతిలో పట్టుకుంటే ఊగే పలుచని రికార్డులపై కలిగిన విసుగు బరువు మీది మోజుకు కొంత కారణమై ఉండవచ్చు. మందపాటిది కాస్త గట్టిగా నిలుస్తుందన్నది నిజమే గాని, అచ్చులో నొక్కాక సరిగా చల్లారనివ్వకపోతే అదీ వంకరపోతుంది. మాస్టరింగ్, అనగా మూల ధ్వనిని గాడికి అనువుగా సరిదిద్దే పని, శ్రద్ధగా జరిగిన తేలికపాటి రికార్డునే కొనడం మేలు.