ఎండిన పూవులు: ఇంటికి సొగసు, మనసునకు జ్ఞాపకము

పూవు ప్రాతఃకాలమున విరిసి, ప్రొద్దు క్రుంకునప్పటికి వాడిపోవును. వాడిన పూవును పాఱవేయుట మన వాడుక. జడలో తుఱిమిన మల్లెలైనను, పెండ్లిపందిటిలో వధూవరుల మెడలందు శోభిల్లిన దండలైనను మఱునాటికి చీపురుకట్ట పాలగుచున్నవి. అయినను ప్రతి యింటను పాఱవేయుటకు మనసొప్పని పూవులు కొన్ని యుండును. వానిని నిలుపుకొను విధమును, వానితో ఇంటిని అలంకరించుకొను విధమును పాఠకులకు తెలియజేయుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట మా యింటి సంగతి యొకటి చెప్పెదను. మా అమ్మమ్మగారి పెరటిలో నొక పెద్ద పొగడచెట్టుండెడిది. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని తెల్లవారుజామున తిత్లీ తుపాను మన జిల్లాపై విఱుచుకొనిపడెను. ఉద్దానమందలి కొబ్బరితోటలును, జీడిమామిడి తోటలును నేలకొఱగిన ఆ గాలికే మా పొగడచెట్టును వేళ్లతో కూలిపోయెను. ఆ మఱుసటి యేడు అమ్మమ్మయు కాలధర్మము నొందెను. పెద్దకర్మ ముగిసిన పిదప ఆమె ట్రంకుపెట్టె తెఱచి చూడగా, నేతచీరల మడతల నడుమ పాతగుడ్డలో మూటగట్టిన పొగడపూలు కనబడినవి. అవి గోధుమవన్నెకు తిరిగి, ముట్టిన పొడియగునట్లున్నవి. కాని వాసన మాత్రము పోలేదు. చెట్టు లేదు, తెల్లవాఱకమునుపే లేచి దానిక్రింద పూలేఱిన చేతులును లేవు. గదియంతయు ఆ పరిమళము నిండెను. మా అమ్మయు, మామయ్యలిద్దరును, పిన్నియు ఆ పూలను నాలుగు పాళ్లుగా పంచుకొనిరి. పొలము పంచుకొన్ననాడు మాట పట్టింపులు కలిగినవి గాని, పూలు పంచుకొన్ననాడు ఎవ్వరును నోరు మెదపలేదు. ఎండిన పూవును తేలికగా చూడరాదని నాకు తోచినది ఆనాడే.

పూర్వచరిత్ర

పూలను ఎండించి నిలుపుట నేటి విద్య కాదు. ఐగుప్తుదేశమున 1922వ సంవత్సరమున బయల్పడిన టుటన్‌ఖామన్ రాజుయొక్క సమాధిలో, మూడువేల యేండ్లకు పైబడిన పూదండలు దొరికినవి. ఆ దండలలోని పూవులు ఏ ఋతువున పూయునో లెక్కించి, ఆ రాజును వసంతకాలమున సమాధి చేసియుందురని పండితులు నిర్ణయించిరి. ఎండిన పూవు ఇట్లు చరిత్రకు సాక్ష్యము పలికినది.

పదునాఱవ శతాబ్దమున ఇటలీ దేశీయుడగు లూకా ఘీనీ యను ఆచార్యుడు మొక్కలను కాగితముల నడుమ అదిమి యెండించి, పుటలపై అతికించి, శిష్యులకు బోధించుచుండెను. ఆ పద్ధతియే నేటికిని వృక్షశాస్త్రమునకు ఆధారమై యున్నది. మన తెలుగుతీరమునకును ఈ విద్యతో సంబంధము కలదు. స్వీడను దేశపు లిన్నేయస్ పండితుని శిష్యుడైన కోనిగ్ అను వైద్యుడు 1768వ సంవత్సరమున తరంగంబాడి మిషనునకు వచ్చి, దక్షిణదేశమంతయు తిరిగి మొక్కలను సేకరించి యెండించెను. ఆయన 1785లో మన కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున మరణించెను. ఆయన మిత్రుడగు రాక్స్‌బరో దొర సామర్లకోటలో వైద్యుడుగా నుండి, ఈ తీరపు మొక్కలకు చిత్రములు వ్రాయించి, వర్ణనలు కూర్చెను. ఆ గ్రంథము 1795 మొదలు మూడు సంపుటములుగా లండనులో వెలువడెను.

పిల్లలకు ఉత్సాహము కలిగించు మాట యింకొకటి. అమెరికాదేశపు ప్రసిద్ధ కవయిత్రి ఎమిలీ డికిన్‌సన్ పాఠశాలలో చదువుకొను దినములలో తన చుట్టుపట్ల దొరకిన పూలను ఎండించి యొక పుస్తకమున అతికించుకొనెను. అందు 424 మొక్కలు కలవు. ఆ పుస్తకము నేడు హార్వర్డు విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నది. మన విద్యార్థులు వ్రాతపుస్తకములలో దాచు నెమలీకలకును, రావియాకులకును ఇట్టి గౌరవము ఎన్నడైనను కలుగవచ్చును.

పూవు ఏల చెడును?

పూరేకులో నూటికి ఎనుబది పాళ్లకు పైగా నీరే యుండును. ఆ నీరు మెల్లమెల్లగా పోవుచుండగా రేకు ముడుచుకొని నల్లబడును. తేమ నిలిచినచో బూజుపట్టి క్రుళ్లును. కావున తడిని త్వరగా తీసివేయుటయు, తీయునప్పుడు రేకు ముడుతపడకుండ ఆపుటయు నను రెండు పనులలో ఈ విద్య యంతయు ఇమిడియున్నది.

రంగుల స్వభావమును గూడ తెలిసికొనవలయును. బంతిపూవులోని పసుపురంగు గట్టిది, ఎండినను చాలవఱకు నిలుచును. గులాబి, శంఖుపుష్పము మొదలగు వానియందలి యెఱుపు, నీలపు రంగులు ఎండునప్పుడు కొంత మాఱును. మల్లె, నందివర్ధనము వంటి తెల్లపూవులు గోధుమవన్నెకు తిరుగును. ఏ రంగైనను ఎండ నేరుగా తగులుచోట నుంచినచో వెలవెలబోవును.

పూల యెంపిక

మన యూళ్లలో ఖర్చులేకుండ దొరకునవి చాలగలవు. గునుగుపూవు, కోడిజుట్టుపూవు, బొగడబంతి అను మూడును పుట్టుకతోనే కాగితమువలె పొడిగా నుండును గనుక, కోసి వ్రేలాడగట్టిన చాలును. తెలంగాణమున బతుకమ్మలను పేర్చుటకు గునుగుపూవును కోరి వాడుట యెల్లరెఱిగినదే. కాగితపు పూవు పేరునకు తగినట్లే యుండును. గట్లమీది రెల్లుపూవు, చెఱువులలోని తామరకాయ, ఎండిన తాటియాకు, జొన్నకంకి యివియు అలంకారమునకు మిగుల పనికివచ్చును. మందారమువంటి పలుచని తడిపూవులును, దళసరి రేకుల పూవులును క్రొత్తవారికి లొంగవు. తొలుత వాని జోలికి పోకుండుట మేలు.

పూలను మంచు ఆఱిన పిదప, ఎండ ముదరకమునుపు కోయవలెను. పూర్తిగా విచ్చిన పూవు ఎండునప్పుడు రేకులు రాల్చును గనుక, ముక్కాలుపాలు విచ్చినదే శ్రేష్ఠము.

ఎండించు విధములు

మొదటిది అదుముట. పూవును రెండు అద్దుడు కాగితముల నడుమ, అవి లేనిచో పాత వార్తాపత్రికల నడుమ, రేకులు విప్పి పఱచి, పైన బరువైన పుస్తకములనో, శుభ్రమైన యిటుకలనో పెట్టవలెను. మొదటి వారమున దినము విడిచి దినము కాగితములు మార్చవలయును. ఈ పనియందు నేను మోసపోయిన విధము వినుడు. ఒక భాద్రపదమాసమున ముసురు పట్టియుండగా పది మందారములను నా పుస్తకమున పెట్టి మఱచిపోతిని. నెలకు తెఱచి చూడగా పూలకు మాఱుగా నల్లని బూజుమచ్చలు నాలుగు పుటలకు అంటుకొని యుండెను. పుస్తకమును చెడెను, పూలును చెడెను. సముద్రపుగాలి తగులు మన ప్రాంతమున ఈ పనికి సంక్రాంతి వెళ్లిన పిమ్మటి పొడిదినములే అనుకూలములు. చదువు పుస్తకములలో మాత్రము పూలు పెట్టరాదు.

రెండవది వ్రేలాడగట్టుట. ఐదాఱు కాడలను చేర్చి పురికొసతో కట్టి, తలక్రిందులుగా, గాలియాడు చీకటిగదిలో దూలమునకో, దండెమునకో కట్టవలెను. రెండు మూడు వారములకు కాడ విఱిచిన పుటుక్కున విఱుగును. అప్పటికి పూవు సిద్ధమైనట్లు. తలక్రిందులుగా నుండుటవలన కాడ వంగక నిటారుగా నిలుచును.

మూడవది ఇసుకలో పాతుట. గులాబి, చేమంతి మొదలైన వానికి గుండ్రని రూపు చెడకుండ ఎండవలెనన్న నిదియే యుపాయము. ఏటిలోని సన్నని యిసుకను జల్లించి, మురికి పోవువఱకు కడిగి, బాగుగా ఎండించి చల్లార్చవలెను. రేకుడబ్బాలో రెండంగుళముల ఇసుక పోసి, పూవును నిలిపి, చుట్టును మెల్లమెల్లగా ఇసుక విడిచి, రేకుల సందులన్నియు నింపి, పూవు కప్పబడునట్లు చేయవలెను. ఇసుక ఒక్కమాఱు గ్రుమ్మరించినచో రేకులు నలిగిపోవును. డబ్బాకు మూత పెట్టక, పొడిచోట వారము పదిదినము లుంచి, ఇసుకను ప్రక్కకు వంచి తీసివేసి, అంటిన రేణువులను మెత్తని కుంచెతో తుడువవలెను. అంగడిలో దొరకు సిలికా జెల్ అను గుళికలు ఈ పనిని ఇంకను త్వరగా చేయును; వానిని వాడినచో డబ్బామూత గట్టిగా బిగింపవలెను. అవి వెలగలవి గనుక, పని ముగిసిన పిదప వేడిచేసి తేమ పోగొట్టి మరల వాడుకొనవచ్చును.

ఇంటిలో వాడుక

అదిమిన పూలను దళసరి కాగితముపై తుమ్మబంకతో పలుచగా అతికించి, అద్దము వేయించి పటము కట్టించినచో గోడకు మంచి యలంకారమగును. పూవునకును అద్దమునకును నడుమ కొంచెము సందు విడువవలయును; లేనిచో వానకాలపు చెమ్మ అద్దమునకు పట్టి పూవును చెఱచును. చిన్నపూలతో పుస్తకపు గుఱుతులును, పండుగల శుభాకాంక్షల పత్రికలును చేయవచ్చును. దూరదేశమున కూలికో, కొలువునకో పోయిన అన్నకు చెల్లెలు వ్రాయు జాబులో పెరటిపూవొకటి పెట్టి పంపిన, అది జాబుకంటె ఎక్కువ మాటలు చెప్పును.

వ్రేలాడగట్టి యెండించిన గునుగు, రెల్లు, తామరకాయలను మట్టికూజాలో నిలిపినచో నీరు పోయు పని లేకయే నెలల తరబడి యుండును. కుమ్మరియింటి కూజా యైనను, పాత గాజుసీసా యైనను చాలును.

పరిమళముకొఱకు మన పెద్దలు నేర్పిన పద్ధతియే చక్కనిది. మన సముద్రతీరమున మొగలిపొదలు కలవు. పొరుగుననున్న గంజాము జిల్లావారు ఆ పూలనుండి అత్తరు తీయుదురు. మన స్త్రీలు మొగలిరేకులను చీరల మడతలలో పెట్టుదురు. ఎండిన పొగడపూలు, గులాబిరేకులు, వట్టివేరు, దవనము, మరువము, నారింజతొక్క, నాలుగు లవంగములు చేర్చి పలుచని గుడ్డసంచిలో కుట్టి పెట్టెలో వేసినచో, కలరా ఉండల ఘాటునకు మాఱుగా ఇంటివాసన యుండును.

జ్ఞాపకచిహ్నములు

పెండ్లిదండలోని రెండు పూలు, బిడ్డ బారసాలనాటి ఉయ్యాలకు కట్టిన పూవొకటి, పాఠశాలను విడిచిపోవునాడు తోటలో కోసిన పూవొకటి ఉంచుకొనదగినవి. అయితే ముఖ్యమైన మాట యొకటి కలదు. పూవు క్రింద దాని పేరు, దొరకినచోటు, తేదీ, ఇచ్చినవారి పేరు సిరాతో వ్రాయవలెను. వ్రాత లేని పూవు తరము మాఱిన పిదప చెత్తయగును. మా అమ్మమ్మ మూటపై వ్రాత లేదు. అవి ఏ యేటి పూవులో, ఎవరికొఱకు దాచినవో చెప్పువారు లేరు. ఆమె యుండగా అడుగవలసినదని నేటికిని విచారించుచున్నాను.

పురుగు పట్టకుండ నడుమనడుమ ఎండిన వేపాకు వేయవచ్చును. బంక చెడకుండ మైలుతుత్తము కలుపువారు కలరు. అది విషము గనుక చిన్నపిల్లల చేతికి ఈయరాదు. గన్నేరు, ఉమ్మెత్తలును విషపుమొక్కలే గాన, వానిని ముట్టిన చేతులు కడుగుకొనవలెను. అడవిలో అరుదుగా దొరకు మొక్కను వేళ్లతో పెకలించుట తప్పు. పది పూలున్నచోట ఒక్కటియే కోయవలెను.

జీవనోపాధి

ఈ విద్య యింటితో ఆగునది కాదు. తమిళనాడులోని తూత్తుకుడి రేవునుండి ఎండిన పూలు, కాయలు, ఆకులు విదేశములకు ఎగుమతి యగుచున్నవి. మన రాష్ట్రమున 2021వ సంవత్సరమున తిరుమల తిరుపతి దేవస్థానమువారు డాక్టరు వై.యస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయముతో ఒప్పందము చేసికొని, పూజలలో వాడిన పూలను ఎండించి వానితో పటములు మొదలగు వస్తువులు చేయించు పని చేపట్టిరి. ఈ పని స్త్రీలకు నేర్పబడినది. పెంటకుప్పకు పోవలసిన పూవు కొందఱికి కూడు పెట్టుచున్నది. మన గ్రామములలోని పెండ్లిండ్లకును, జాతరలకును వాడి విడుచు పూలను చూచినప్పుడు ఈ సంగతి తల్లిదండ్రులు తలపునకు తెచ్చుకొందురు గాక.

విద్యార్థులారా! మీలో నొక్కొక్కరు రాబోవు సెలవులలో ఇంటిచుట్టునున్న ఐదు పూలను ఎండించి, ఐదు కాగితములపై అతికించి తెండు. పూవు పేరు తెలియనిచో మీ అమ్మమ్మనో, నాయనమ్మనో అడుగుడు. మన యూరివారు ఆ పూవును ఏ పేరున పిలుతురో ఆ పేరునే వ్రాయుడు. అన్నియు చేర్చినచో మన పాఠశాలకు కోటబొమ్మాళి పూలపుస్తక మొకటి యేర్పడును. తుపానులు మరల వచ్చును, చెట్లు మరల కూలును. కూలిన చెట్టుయొక్క పూవు ఆ పుస్తకమున నున్నచో, మీ పిమ్మట వచ్చు పిల్లలు దానిని చూచి, పేరు చదివి, అట్టి మొక్కనే వెదకి మరల నాటుకొందురు.