ఊపిరికి బదులుపలుకు కొయ్య

ఐర్లండు దేశపు వైణవికుడు క్రొత్త కొయ్య ఫ్లూటు నొకదానిని చేతికందుకొన్నప్పుడు తరచుగా మొదట పాటను వాయింపబోడు; ఆరు రంధ్రములను ఆరు వ్రేళ్లతో మూసి, అట్టడుగున నుండు 'డి' స్వరమును నిండుగ నూది, ఆ నాదము తొట్రుపాటు లేక తత్క్షణమే మేల్కొనుచున్నదా, ఊపిరి ఒత్తిడి హెచ్చినకొలది పైస్థాయికి దాటిపోక కొంత గరుకుదనముతో దృఢముగా నిలుచుచున్నదా యని చెవియొగ్గి పరీక్షించును. ఈ యొక్క స్వరము చక్కగా పలికినచో వాద్యము సగము పరీక్షను గడచినట్లే. ఈ కోరిక యెట్లు పుట్టినదో యెరుగవలెనన్న, ఆ వాద్యము జీవితకథను కొంత తెలిసికొనవలయును.

ఫ్లూటునందు మ్రోగునది కొయ్య కాదు, కొయ్యలోని గాలి. పెదవుల సందునుండి సన్నని రేకువలె వెలువడిన ఊపిరి ముఖరంధ్రపు ఆవలి అంచును తాకి, ఒక క్షణము లోనికిని మరుక్షణము వెలికిని ఊగుచు, గొట్టములోని వాయుస్తంభమును కంపింపజేయును. 'డి' స్వరమునకు సెకనుకు సుమారు 294 కంపనములు కావలెను. అందుకు తగిన వాయుస్తంభపు పొడవు 58 సెంటీమీటర్లు. పాదమునుండి రంధ్రము లొక్కొక్కటిగా తెరచినకొలది ఆ స్తంభము కురుచయై స్వరము హెచ్చును. సూత్రమింతే; కాని ఒకే గొట్టము రెండు స్థాయిలలోను శ్రుతి తప్పక పలుకుట యనునది శిల్పులను శతాబ్దముల తరబడి వేధించిన సమస్య.

పూర్వపు ఐరోపా ఫ్లూటు ఆరు రంధ్రములు గల తిన్నని గొట్టము. 17వ శతాబ్దపు చివరి భాగమున ఫ్రాన్సు దేశపు శిల్పులు, వారిలో విశేషించి హోతెతేర్ కుటుంబమువారు, దానిని ముక్కలుగా చేసి, తలభాగమును స్తూపాకారముగనే యుంచి, దిగువ నాళమును పాదమువైపునకు క్రమముగా సన్నగించి, ఒక మీటను చేర్చిరి. ఆ సన్నగింపు వలన పైస్థాయి స్వరములు దిగిపోవు దోషము సవరింపబడెను. రంధ్రములును వ్రేళ్లకందునంత చేరువకు వచ్చెను. జాక్ హోతెతేర్ 1707లో ఈ ఫ్లూటునకు శిక్షణగ్రంథమును ప్రకటించెను. తరువాతి నూరేండ్లలో మీటలు పెరిగి పెరిగి ఎనిమిది వరకు వచ్చెను.

19వ శతాబ్దారంభమున లండనులో చార్లెస్ నికల్సన్ అను విద్వాంసుడు పెద్ద రంధ్రముల ఫ్లూటుపై వెడల్పైన, బలిష్ఠమైన నాదమును పలికించి శ్రోతలను ముగ్ధుల గావించుచుండెను. 1831లో ఆ నాదమును విన్న మ్యూనిక్ వాసి, స్వర్ణకారుని కుమారుడు, తియోబాల్డ్ బోయెమ్ తన వాద్యము దానిముందు నిలువజాలదని గ్రహించి, ఫ్లూటును మొదటినుండి మరల నిర్మింపబూనెను. రంధ్రమును వ్రేలికి అందుచోట కాక ధ్వనిశాస్త్రము కోరినచోట తొలిచి, వ్రేలికందని దానిని మీటలతో మూయించుట అతని పద్ధతి. 1832లో వలయపు మీటల శంక్వాకార వాద్యమును, 1847లో 19 మిల్లీమీటర్ల వ్యాసము గల స్తూపాకార నాళముతో నేటి ఫ్లూటునకు మూలరూపమును అతడు వెలువరించెను. క్రమముగా వాద్యబృందములు దానినే వరించెను. లండనులో రుడాల్ అండ్ రోజ్ వంటి సంస్థలు సాటిలేని నేర్పుతో చేసిన పాతపద్ధతి కొయ్య ఫ్లూటులు విలువ తగ్గి, చౌకగా చేతులు మారసాగెను.

ఆ విధముగా పెద్దసభలనుండి తొలగిన వాద్యము ఐర్లండు పల్లెలలో రెండవ జన్మ మెత్తెను. అచటి నృత్యగీతములు చాలవరకు డి, జి స్వరములు ఆధారముగా నడచునవి కావున ఆరు రంధ్రములే చాలును, మీటల పని తక్కువ. పైగా తెరచిన రంధ్రముపై వ్రేలి కొన నేరుగా తట్టి, జార్చి, స్వరమునకు కుదుపును వంపును ఇచ్చు సౌలభ్యము మీటల వాద్యమున అంతగా లేదు. వెదురువేణువుపై గమకమును పలికించు మన వైణవికులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. లీట్రిమ్ ప్రాంతమువాడగు జాన్ మెక్కెన్నా అమెరికాకు వలసపోయి, 1920ల దశకమున న్యూయార్కులో ముద్రింపించిన గ్రామఫోను రికార్డులలో ఆ తట్టుడును, దానికి తాళము వేయు ఊపిరి విసురును నేటికిని వినవచ్చును.

ఇక ఐర్లండు వైణవికులు కోరు గుణము లెవ్వి? ఊదినంతనే బదులు పలుకవలెను. రెండు స్థాయిలును శ్రుతిలో కలియవలెను. అడుగు స్వరమునకు బలముండవలెను, మీది స్వరమునకు కీచుదన ముండరాదు. రంధ్రములు నాదము విచ్చుకొనునంత పెద్దవై, వ్రేలు మూయజాలినంత చిన్నవై యుండవలెను. ఈ కోరికలు ఒకదానితో నొకటి పెనుగులాడును. పెద్ద రంధ్రములును వెడల్పు నాళమును గల, ప్రాటెన్ అను పేరుగల మాదిరి గట్టిగ మ్రోగును గాని ఊపిరిని, చేతి చాపును ఎక్కువగా అడుగును. చిన్న రంధ్రముల రుడాల్ మాదిరి సుకుమారముగ, నానావర్ణములతో పలుకును. కావున ఒకని ఆదర్శము వేరొకనికి భారము.

కొయ్య విషయమున ఒక్క మాట చెప్పవలెను. జమైకా, క్యూబాలనుండి వచ్చిన కోకస్ కర్ర యొకనాడు మేటిగా పేరొందెను. అది అరుదు కాగా, నీట మునుగునంత బరువైన ఆఫ్రికా బ్లాక్‌వుడ్ దాని స్థాన మాక్రమించెను. ఇది మన ఇరుగుడు చెట్టునకు దాయాది. అయినను 1971లో కోల్ట్‌మన్ అను భౌతికశాస్త్రవేత్త వెండి, రాగి, కొయ్యలతో ఒకే కొలత నాళములను చేయించి, బరువు చేతికి తెలియకుండ అమర్చి వాయింపజేయగా, విన్నవారు గాని వాయించినవారు గాని భేదమును గుర్తింపలేకపోయిరి. అట్లయిన మంచి కొయ్య యేల? తేమకు చెడక కొలతను నిలుపుకొనుటకు, నున్నని నాళమును, పదునైన ముఖరంధ్రపు అంచును ఇచ్చుటకు. కొయ్య నాదమును పుట్టింపదు; నాదమునకు కావలసిన ఆకారమును కాపాడును.

ఆ ఆకారము తుదకు చేతిలోనే సిద్ధించును. తరిమెన పట్టి, తొలిచి, రంధ్రములు వేసిన పిమ్మట శిల్పి చిన్న కత్తితో రంధ్రపు లోపలి అంచును క్రిందినుండి కొంచెము చెక్కును. వెలుపలి వెడల్పు పెరుగకయే స్వరము హెచ్చును. చెక్కును, ఊదును, మరల వెండ్రుకవాసి చెక్కును, ఊదును. తీసిన కొయ్యను తిరిగి అతికింప వీలులేదు కావున, ఆ అడుగు 'డి' దృఢముగా లేచి నిలిచిన మరుక్షణమే కత్తిని క్రింద నుంచును.