వార్ధక్యం ఎప్పుడు మొదలవుతుంది?

తల నెరిసినప్పుడు, చూపు మందగించినప్పుడు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చినప్పుడు ముసలితనం వచ్చిందని అనుకుంటాము. లెక్కల సౌలభ్యం కోసం మన దేశంలో 60 ఏళ్లు నిండినవారిని వృద్ధులుగా పరిగణిస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అట్టివారు 10 కోట్లకు పైగా, అనగా నూటికి దాదాపు 9 మంది ఉన్నారు. కాని శరీరానికి ఈ 60 అనే అంకె తెలియదు. అరవయ్యో ఏట విరిగే ఎముక, మూసుకుపోయే రక్తనాళం ఆ ఏడాది పాడైనవి కావు. వాటి బలాబలాలు చాలా ముందే నిర్ణయమవుతూ వస్తాయి. ఎంత ముందుగా? వైద్యంలోను, ప్రజారోగ్యంలోను పిహెచ్.డి. పట్టానికి పరిశోధన చేస్తున్నవారిని నేడు ఆకర్షిస్తున్న ప్రశ్నలలో ఇది ఒకటి. దీనికి సమాధానం వెదికిన చోట్లలో హైదరాబాదు పరిసర గ్రామాలు కూడా ఉన్నవి.

ఎముక, ధమని

ముందుగా రెండు అవయవాలను పరిశీలిద్దాము.

ఎముక రాయివలె నిర్జీవ పదార్థం కాదు. అందులో కొన్ని కణాలు పాత ఎముకను కరిగిస్తూ ఉంటే, మరికొన్ని కొత్త ఎముకను కడుతూ ఉంటాయి. బాల్యంలోను, యౌవనంలోను కరిగేదానికంటే కట్టేది ఎక్కువ. సుమారు 30 ఏళ్ల వయస్సుకు ఎముకలోని నిలువ శిఖరానికి చేరుతుంది. నడివయస్సు దాటిన తరువాత ఖర్చే ఎక్కువ. స్త్రీలలో ఋతుస్రావం ఆగిపోయిన తరువాత ఈ ఖర్చు మరింత వేగంగా జరుగుతుంది. కాబట్టి 70 ఏళ్ల అవ్వ జారిపడినప్పుడు తుంటి ఎముక విరుగుతుందా, నిలుస్తుందా అన్నది కొంతవరకు ఆమె పడుచుతనంలో కూడబెట్టిన నిలువను బట్టి ఉంటుంది.

ఇక ధమనులు. గుండె కొట్టుకొన్నప్పుడెల్లా రక్తం ఒక ఉరవడితో ధమనిలోకి వస్తుంది. ఆరోగ్యవంతుని ధమని రబ్బరు గొట్టం మాదిరిగా సాగి, ఆ ఉరవడిని కొంత తనలో ఇముడ్చుకొంటుంది. వయస్సుతో సాగే గుణం తగ్గి, గోడలు గట్టిపడతాయి. గట్టి గొట్టంలో నాడీతరంగం వేగంగా పోయి, శరీరంలోని చిన్న రక్తనాళాల దగ్గర పరావర్తనం చెంది, గుండె ఇంకా రక్తాన్ని తోస్తున్న సమయానికే తిరిగి వస్తుంది. ఎదురుగాలిలో సైకిలు తొక్కేవాని వలె గుండె అప్పుడు అదనంగా శ్రమించవలసి వస్తుంది. తిరిగి వచ్చే ఈ తరంగాన్ని మణికట్టు దగ్గర పరికరం ఉంచి, సూది గుచ్చకుండా కొలవవచ్చు.

హెర్ట్‌ఫర్డ్‌షైర్ రిజిస్టర్లు

ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే ప్రాంతంలో 1911 నుండి ప్రతి శిశువు పుట్టినప్పటి బరువును, ఏడాది నిండినప్పటి బరువును పుస్తకాలలో రాసి ఉంచారు. డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు, అతని సహచరులు ఆ పుస్తకాలను వెదికి తీసి, 1911–1930 మధ్య పుట్టిన మగవారిలో ఎవరు ఏ వ్యాధితో మరణించారో పోల్చి చూశారు. ఏడాది వయస్సులో తక్కువ బరువున్నవారిలో గుండెజబ్బు మరణాలు ఎక్కువగా కనిపించినవి. 1989లో ఈ ఫలితం ప్రకటితమైనది.

అయితే దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది. బరువు తక్కువైన బిడ్డ తరచు పేదయింటి బిడ్డ. అతడు పెద్దవాడైన తరువాత కూడా పేదవాడుగానే ఉండవచ్చు. చెమ్మగిల్లిన ఇల్లు, కఠినమైన పని, చాలీచాలని తిండి అతణ్ణి జీవితమంతా వెంటాడి ఉండవచ్చు. అట్లయితే దోషం తొలినాళ్ల ఆహారానిదా, ఆ తరువాతి జీవితానిదా? పాత రిజిస్టర్లు ఈ ముడిని విప్పలేవు. ఒకే రకమైన పల్లెల్లో కొందరు తల్లులకు, పిల్లలకు అదనపు ఆహారం అంది, కొందరికి అందకపోతే, వారిని ఏళ్ల తరబడి గమనించినప్పుడే ఈ ముడి కొంతైనా విడుతుంది.

ఇరవైతొమ్మిది గ్రామాలు

హైదరాబాదు నుండి విజయవాడ పోయే రోడ్డున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, హయత్‌నగర్ దాటితే అబ్దుల్లాపూర్‌మెట్ వస్తుంది. నగరం పెరుగుతూ పల్లెను తనలో కలుపుకొనడం ఎట్లుంటుందో ఈ దారిన పోయేవారికి తెలుసు. పొలాలు ప్లాట్లవుతున్నవి. ఎడ్లబండి స్థానంలో మోటారు సైకిలు వచ్చినది. హైదరాబాదు చుట్టూ ఉన్న పల్లెలన్నిటిదీ కొద్ది తేడాలతో ఇదే కథ.

1987–1990 మధ్య హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నగర సమీపంలోని 29 గ్రామాలను ఎన్నుకొని ఒక పరిశీలన జరిపింది. ఈ సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనా కేంద్రంగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 1975లో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అనగా మనం అంగన్‌వాడీ అని పిలుచుకొనేది, అప్పటికి అన్ని ప్రాంతాలకు చేరలేదు. ఎన్నుకొన్న గ్రామాలలో పథకం వచ్చినవి 15, ఇంకా రానివి 14. పరిశోధకులు ఎవరి నోటి దగ్గర కూడు తీయలేదు. పథకం విడతలుగా విస్తరించడం వల్ల ఏర్పడిన తేడానే పోలికకు ఉపయోగించుకొన్నారు.

పథకం ఉన్న ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో వండిన ఉప్మా పెట్టారు. అందులో తల్లులకు రోజుకు సుమారు 500 కేలరీల శక్తి, 20–25 గ్రాముల మాంసకృత్తులు లభించేవి. పిల్లలకు సుమారు 300 కేలరీలు, 8–10 గ్రాముల మాంసకృత్తులు.

పదిహేనేళ్ల తరువాత

2003–2005లో పరిశోధకులు ఆ గ్రామాలకు తిరిగి వెళ్లారు. నాటి శిశువులు 13–18 ఏళ్ల బాలబాలికలై ఉన్నారు. 1165 మందిని పరీక్షించారు. సంజయ్ కిన్రా, అతని సహపరిశోధకులు 2008లో ఫలితాలను ప్రకటించారు.

అదనపు ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. ఇది చాలా స్వల్పమైన తేడా. శరీరంలోని కొవ్వు పాలులో చెప్పుకోదగిన తేడా లేదు. రక్తపోటులోను, రక్తంలోని కొవ్వులలోను స్పష్టమైన తేడా కనబడలేదు. కాని కంటికి కనిపించని చోట తేడా ఉన్నది. వారి ధమనులు కొంత మెత్తగా ఉన్నవి. పైన చెప్పిన పరావర్తన తరంగపు సూచిక 3.3 శాతం తక్కువగా ఉన్నది. పరగడుపున రక్తంలోని చక్కెర, ఇన్సులిన్ పాళ్లను బట్టి కట్టే మరొక సూచిక 20 శాతం తక్కువగా ఉన్నది. ఈ సూచిక పెరిగితే ఇన్సులిన్ మాటను శరీరం సరిగా వినడంలేదని, మధుమేహానికి దారి ఏర్పడుతున్నదని అర్థం. అనగా పదిహేనేళ్ల వయస్సుకే రెండు రకాల ఊళ్ల పిల్లల వార్ధక్యపు దారులు కొద్దిగా వేరుపడినవి.

పరిశోధక విద్యార్థి పని

ఇట్టి పరిశీలన ఒక మనిషి వల్ల అయ్యేది కాదు. పిహెచ్.డి. విద్యార్థికి మూడు నాలుగేళ్ల వ్యవధి మాత్రమే ఉంటుంది. మనిషి ముసలివాడు కావడానికి అరవై ఏళ్లు పడుతుంది. అందుచేత ఒకరు నాటిన చెట్టు కాయలను మరొకరు కోయవలసిందే. పెద్ద సమాచార నిధిలో నుండి విద్యార్థి ఒక చిన్న ప్రశ్నను తీసుకొంటాడు. కొలతలు సరిగా వచ్చినవా, ఒకే మనిషిని రెండుసార్లు కొలిస్తే ఒకే అంకె వస్తున్నదా అని పరీక్షిస్తాడు. ఊళ్ల మధ్య సంపదలో, చదువులో ఉన్న తేడాలే ఫలితానికి కారణమా అని లెక్కగట్టి చూస్తాడు. పెళ్లిచేసుకొని వెళ్లిపోయినవారు, పనికోసం వలసపోయినవారు లెక్కలో చేరకపోతే ఫలితం ఎటు మొగ్గుతుందో ఆలోచిస్తాడు. హైదరాబాదు గ్రామాలను చీటీలు వేసి విభజించలేదు గదా! అందుచేత ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఇట్టి ప్రశ్నలలో ఒకటి ఎముకను గూర్చినది. చిన్ననాటి ఉప్మా ఎముకనూ బలపరచినదా? అదే గ్రామాల యువతీయువకులపై 2014లో ప్రకటితమైన పరిశోధనలో అట్టి స్పష్టమైన ఫలితం కనబడలేదు. ప్రస్తుతపు కండబలం, శరీర భారం ఎముకల మీద పడే శ్రమ, ఈ రెండే ముఖ్యమని తేలినది. ఆశించిన ఫలితం రాకపోవడం కూడా శాస్త్రంలో ఒక సమాధానమే. తొలి అవకాశం తప్పిన ఎముకకు రెండవ అవకాశం ఉన్నదని ఇది చెబుతున్నది.

తరువాత ఈ పరిశీలనలో తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా చేర్చుకొన్నారు. వారిలో 3717 మందిని గూర్చి 2020లో వెలువడిన పరిశోధన గాలిలోని సన్నని ధూళికణాలను ఎముకలతో ముడిపెట్టి చూసింది. వారు పీల్చే గాలిలో ఇట్టి ధూళి సగటున ఘనపు మీటరుకు 32.8 మైక్రోగ్రాములు. ఆనాడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 10 మాత్రమే. 2021లో దానిని 5కు తగ్గించారు. ధూళి ఎక్కువగా ఉన్నచోట నివసించేవారి నడుము, తుంటి ఎముకలలో ఖనిజాల నిలువ తక్కువగా ఉన్నది. ఒకటి మరొకదానికి కారణమని దీనితోనే తీర్పు చెప్పలేము. అయినా నగరం పల్లెను చేరే రోడ్ల పక్కన నివసించేవారికి ఇది హెచ్చరిక.

మనకేమి?

1987–1990లో పుట్టిన ఆ పిల్లలు ఇప్పుడు 35 ఏళ్లు దాటినవారు. అసలు పరీక్ష వారికి ఇంకా ముందున్నది. వారిలో ఎందరికి ఎప్పుడు గుండెజబ్బు, మధుమేహం వస్తాయో తెలిసేసరికి నేటి హైస్కూలు విద్యార్థులే పరిశోధకులై ఉంటారు.

ఈలోగా తెలిసినంతవరకు చేయదగినవి మూడు ఉన్నవి. గర్భిణికి, శిశువుకు పెట్టే తిండి నలభై ఏళ్ల తరువాతి వైద్యఖర్చును తగ్గించగల పెట్టుబడి కాబట్టి అంగన్‌వాడీని, మధ్యాహ్న భోజనాన్ని దానధర్మంగా చూడరాదు. పొయ్యి పొగను, చెత్త తగులబెట్టే పొగను తగ్గించవలెను. మూడవది ఉపాధ్యాయుల చేతిలో ఉన్నది. పరుగు, దుముకుడు, కబడ్డీ వంటి ఆటలు ఎముక మీద భారం మోపి దానిని బలపరుస్తాయి. ఎముక నిలువ వేగంగా పెరిగే కాలం సరిగ్గా హైస్కూలు కాలమే. పరీక్షలు దగ్గరపడినవని పదవ తరగతివారి ఆటల పీరియడును లెక్కలకు ఇచ్చే ముందు, ఆ బాలిక 70వ ఏట ఆ పీరియడు అవసరపడుతుందని గుర్తుంచుకొనడం మంచిది.