ఐదుగురు పట్టుబట్టి గెలిపించిన ‘వానబీ’

ముందు టకటకమని అడుగుల చప్పుడు. ఆ వెంటే మెలనీ బ్రౌన్ పకపకా నవ్వు. వాద్యాలు అందుకునేది ఆ తర్వాతే. ఐదుగురు అమ్మాయిల బృందం స్పైస్ గర్ల్స్ తొలి సింగిల్ ‘వానబీ’ మొదలయ్యేది ఇలా, అల్లరల్లరిగా. 1996 జులైలో బ్రిటన్‌లో విడుదలైన ఈ డ్యాన్స్ పాప్ పాట నిడివి మూడు నిమిషాలైనా ఉండదు. అది ఆ రూపంలో మన చెవిన పడటానికి మాత్రం ఆ ఐదుగురూ అడుగడుగునా పట్టుబట్టాల్సి వచ్చింది.

లండన్‌లో షోర్‌డిచ్ ప్రాంతంలోని స్ట్రాంగ్‌రూమ్ స్టూడియోలో పాటల రచయితలు మాట్ రో, రిచర్డ్ స్టానార్డ్‌లతో కలిసి వాళ్లు ఈ పాట కట్టారు. కొన్ని ముక్కలు ముందే అనుకుని ఉండటంతో రికార్డింగ్ గంట లోపే అయిపోయింది. రాసేటప్పుడు విక్టోరియా (తర్వాతి కాలంలో విక్టోరియా బెక్‌హామ్) చాలాసేపు అక్కడ లేదు, చెప్పాల్సింది ఫోన్లోనే చెప్పింది. పాటలో మిగతా నలుగురికీ విడిగా పాడే పంక్తులున్నా ఆమెకు లేవు. అయినా రచయితల జాబితాలో ఐదుగురి పేర్లూ ఉంటాయి. ఎవరెంత రాశారన్న లెక్క లేకుండా పాటల మీద వచ్చేది సమానంగా పంచుకోవాలన్నది వాళ్ల ఒప్పందం. ‘నన్ను ప్రేమిస్తే సరిపోదు, నా స్నేహితులతోనూ కలిసిపోవాలి’ అని అబ్బాయికి షరతు పెట్టే పాట ఇది. స్నేహం గురించి పాడినవాళ్లు డబ్బు దగ్గర కూడా స్నేహంగానే ఉన్నారు. ఈ పాట కథలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

తొలి సింగిల్‌గా దీన్నే వదలాలన్నది అమ్మాయిల మాట. మేనేజర్ సైమన్ ఫుల్లర్‌కూ వర్జిన్ రికార్డ్స్ పెద్దలకూ అది నచ్చలేదు. అమెరికాలో వినిపించే ఆర్ అండ్ బీ పోకడలో మళ్లీ మిక్స్ చేయించి చూశారు. అమ్మాయిలు ఆ మిక్స్‌ను ఒప్పుకోలేదు. మెలనీ బ్రౌన్, జెరీ హాలివెల్ అయితే అస్సలు వెనక్కి తగ్గలేదు. చివరికి మార్క్ ‘స్పైక్’ స్టెంట్ చేసిన మిక్స్ ఖాయమైంది. పాటలోని ఆ గరుకుదనం అందుకే పోలేదు. నున్నగా చెక్కి ఉంటే ఆ నవ్వు మిగిలేదా అని నా అనుమానం.

ఇక వీడియో. దర్శకుడు స్వీడన్‌కు చెందిన యోహాన్ కామిట్జ్. అప్పటిదాకా ఆయనకు పేరు తెచ్చినవి వాణిజ్య ప్రకటనలు. మొదట బార్సిలోనాలో తీద్దామనుకున్నారు, అనుమతి దొరకలేదు. అలా 1996 ఏప్రిల్ 19న లండన్ సెయింట్ ప్యాంక్రస్ స్టేషన్‌ను ఆనుకుని ఉన్న మిడ్‌ల్యాండ్ గ్రాండ్ హోటల్‌కు చేరారు. జార్జ్ గిల్బర్ట్ స్కాట్ గీసిన ఆ గోథిక్ భవనం 1873లో తెరుచుకుంది, 1935లో హోటల్‌గా మూతపడింది. షూటింగ్ నాటికి పాడుబడి ఉంది. వణికించే చలి. కెమెరా ఆగకుండా వెంటాడుతుంటే అమ్మాయిలు విందులోకి చొరబడతారు, మెట్లెక్కుతారు, అతిథులను ఆటపట్టిస్తారు. మెలనీ చిజమ్ బల్ల మీద వెనక్కి పల్టీ కొడుతుంది. చివరికి అందరూ పరుగున బయటికొచ్చి బస్సెక్కేస్తారు. అంతా ఒకే షాట్‌లా కనబడాలి కాబట్టి, ఒకరు తడబడితే అందరూ మళ్లీ మొదటికి రావాల్సిందే.

వీడియో చీకటిగా ఉందని కంపెనీ వాళ్లు పెదవి విరిచారు. ప్రేక్షకులు ఫోన్ చేసి పాటలు కోరుకునే ‘ద బాక్స్’ చానల్‌లో మాత్రం ఒక దశలో వారానికి 70 సార్లు వచ్చింది. 1997లో ఎంటీవీ ఉత్తమ డ్యాన్స్ వీడియో అవార్డు కూడా దానికే దక్కింది.

పాట బ్రిటన్ చార్టులో మూడో స్థానంలో అడుగుపెట్టి, ఆపై ఏడు వారాలు మొదటి స్థానం వదల్లేదు. 1997 ఫిబ్రవరిలో అమెరికాలోనూ అగ్రస్థానానికి చేరి నాలుగు వారాలు నిలిచింది.

ఈ ఐదుగురికీ ఉన్న పోష్, స్కేరీ, స్పోర్టీ, బేబీ, జింజర్ అనే ముద్దుపేర్లు వాళ్లు పెట్టుకున్నవి కావు. ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ పత్రిక సంపాదకుడు పీటర్ లొరేన్ పెట్టినవి.

2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మాంచెస్టర్ సైన్స్ మ్యూజియం కలిసి ఆన్‌లైన్‌లో ఒక ఆట నడిపారు. పాట ముక్క వినిపిస్తే ఎంత త్వరగా గుర్తుపడతారన్నది పరీక్ష. 12 వేల మందికి పైగా ఆడారు. అన్నిటికన్నా ముందు నిలిచింది ‘వానబీ’. సగటున 2.29 సెకన్లలో పట్టేశారు!

పాటకు ఇరవై ఏళ్లు నిండిన 2016లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి లక్ష్యాల ప్రచారానికి దీని వీడియోను కొత్తగా తీశారు. మెట్లూ పరుగులూ అలాగే ఉన్నాయి. అమ్మాయిలు మాత్రం వేర్వేరు దేశాలవాళ్లు. వాళ్లు కోరింది నాణ్యమైన చదువు, బాల్య వివాహాలకు ముగింపు, సమాన పనికి సమాన వేతనం. అందులో భారత్ తరఫున ఆడిపాడింది నటి జాక్వెలిన్ ఫెర్నాండెజ్. మూడేళ్ల తర్వాత ‘సాహో’లో ప్రభాస్ పక్కన ‘బ్యాడ్ బాయ్’ పాటకు స్టెప్పులేసింది ఈమే.