కొత్త వ్యాపారం పెడుతున్నారా? ఏ రూపంలో పెట్టాలి, ఏది ముందు చేయాలి
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత వాసుల కోసం

ఈ సమాచారం ఎవరికి: అంగడి, మిల్లు, వర్క్‌షాపు, టైలరింగ్ యూనిట్, చీరల వ్యాపారం వంటివి కొత్తగా మొదలుపెట్టేవారికి. ఇప్పటికే నడుపుతూ కాగితాలు లేనివారికి కూడా.

శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక్కో ఊరి వ్యాపారం ఒక్కో తీరు. ధర్మవరంలో పట్టుచీరలు, మగ్గాలు. హిందూపురంలో చింతపండు, బెల్లం మార్కెట్, పక్కనే కర్ణాటక సరిహద్దు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక విడిభాగాలు, రవాణా, క్యాంటీన్ పనులు పెరిగాయి. అందుకే పక్క ఊరివాళ్లు తీసుకున్న కాగితాలే మనకూ సరిపోతాయని అనుకోకూడదు.

చాలామంది ముందు మిషన్ కొంటారు, అడ్వాన్స్ ఇచ్చి షెడ్ తీసుకుంటారు, ఆ తర్వాత సబ్సిడీ గురించి అడుగుతారు. అప్పటికే ఆలస్యమైపోతుంది. ఏ కాగితం ముందు, ఏది తర్వాత అన్నదే ఇక్కడ అసలు విషయం.

ముందు ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి

1. పెట్టుబడి, లాభం నా ఒక్కరివేనా, ఇంకొకరికి వాటా ఉందా?
2. వ్యాపారం నష్టపోతే అప్పు ఎవరు కట్టాలి? నా ఇల్లు, పొలం మీదికి వస్తుందా?

వీటికి జవాబు తెలిస్తే ఏ రూపం కావాలో దాదాపు తేలిపోతుంది.

ఒక్కరే అయితే: సొంత వ్యాపారం (ప్రొప్రైటర్‌షిప్)

దీనికి విడిగా రిజిస్ట్రేషన్ చట్టం ఏమీ లేదు. మీ పాన్ కార్డే వ్యాపారం పాన్. మీ ఆదాయమే వ్యాపార ఆదాయం. పన్ను మామూలు వ్యక్తులకు ఉండే స్లాబుల ప్రకారమే పడుతుంది. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల దాకా వ్యాపార ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు.

బ్యాంకులో అంగడి పేరుతో కరెంట్ అకౌంట్ కావాలంటే మాత్రం వ్యాపారం ఉందని రుజువు చూపాలి. ఉద్యమ్ సర్టిఫికెట్, ట్రేడ్ లైసెన్స్, జీఎస్టీ, షాపుల చట్టం రిజిస్ట్రేషన్ లాంటి వాటిలో సాధారణంగా రెండు అడుగుతారు.

ఇబ్బంది ఒక్కటే. చట్టం దృష్టిలో మీరూ మీ వ్యాపారమూ వేరు కాదు. వ్యాపారం అప్పు అంటే మీ సొంత అప్పే. చిన్న పెట్టుబడితో, ఒక్కరే మొదలుపెట్టేవారిలో ఎక్కువమందికి ఇదే సరిపోతుంది. పెరిగాక మార్చుకోవచ్చు.

ఇద్దరు ముగ్గురు కలిస్తే: భాగస్వామ్యం

బావామరుదులు, స్నేహితులు, అన్నదమ్ములు కలిసి పెట్టే వ్యాపారాలు మన దగ్గర ఎక్కువ. నోటిమాట మీద నడుస్తుంటాయి. 1932 భాగస్వామ్య చట్టం ఏం చెబుతుందో తెలుసుకుంటే నోటిమాటతో ఆగరు.

• కాగితం లేకపోతే లాభనష్టాలు సమానం. ఉదాహరణకు ఒకరు 6 లక్షలు, ఇంకొకరు 2 లక్షలు పెట్టారనుకుందాం. వాటాల గురించి ఒప్పందం ఏమీ లేకపోతే ఇద్దరికీ సగం సగమే.
• ఒక భాగస్వామి వ్యాపారం కోసం చేసిన అప్పుకు మిగతావాళ్లు కూడా బాధ్యులే. అప్పిచ్చినవారు ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చు.
• భాగస్వామి చనిపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే సంస్థ రద్దయినట్టే.
• సంస్థను రిజిస్టర్ చేయకపోతే, ఒప్పందం ప్రకారం రావాల్సిన డబ్బు కోసం బయటివాళ్ల మీద సంస్థ తరఫున కోర్టుకు వెళ్లలేరు. బయటివాళ్లు మాత్రం మీ మీద వెయ్యొచ్చు.

కాబట్టి స్టాంపు పేపరు మీద భాగస్వామ్య ఒప్పందం రాయించుకోండి. అందులో పెట్టుబడి, వాటా, జీతం, చెక్కుల మీద ఎవరు సంతకం పెట్టాలి, ఎవరైనా తప్పుకుంటే లెక్క ఎలా తేల్చాలి అన్నవి తప్పక ఉండాలి. తర్వాత రిజిస్ట్రేషన్ శాఖలోని ఫర్మ్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించండి. సంస్థకు వేరే పాన్ తీసుకోవాలి. భాగస్వామ్య సంస్థ లాభం మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను ఉంటుంది. అయితే ఒప్పందంలో రాసుకున్న భాగస్వాముల జీతాన్ని పరిమితి మేరకు ఖర్చుగా చూపుకోవచ్చు. జీతం మాట ఒప్పందంలో ఉండాలనేది అందుకే.

ఎల్ఎల్‌పీ, కంపెనీ ఎప్పుడు?

ఎల్ఎల్‌పీ 2008 చట్టం కింద, కంపెనీ 2013 చట్టం కింద వస్తాయి. రెండింటిలోనూ సంస్థ వేరు, మనిషి వేరు. సంస్థ అప్పు మీ ఇంటి మీదికి రాదు. ప్రైవేట్ లిమిటెడ్‌కు కనీసం ఇద్దరు కావాలి. ఒక్కరే ఉంటే ఏకవ్యక్తి కంపెనీ పెట్టొచ్చు, దానికి ఒక నామినీ పేరు ఇవ్వాలి. కనీస మూలధనం అంటూ ఏమీ లేదు.

కానీ రెండు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, లోను ఇచ్చేటప్పుడు బ్యాంకులు చాలాసార్లు డైరెక్టర్ల సొంత హామీ కూడా అడుగుతాయి. సంతకం పెడితే ఆ అప్పుకు మీ ఆస్తీ బాధ్యతే. రెండు, కంపెనీ పెట్టాక వ్యాపారం జరిగినా జరగకపోయినా ఏటా ఆడిట్ చేయించాలి, వార్షిక ఫారాలు వేయాలి. గడువు దాటితే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున ఫీజు పెరుగుతూ పోతుంది. ఎల్ఎల్‌పీకి టర్నోవర్ 40 లక్షలు గానీ పెట్టుబడి 25 లక్షలు గానీ దాటితేనే ఆడిట్. ఫారాలు మాత్రం ఏటా తప్పవు.

బయట పెట్టుబడిదారులు వస్తున్నా, పెద్ద ఫ్యాక్టరీ కంపెనీలతోనే కాంట్రాక్టు చేస్తామన్నా, స్టార్టప్ ఇండియా గుర్తింపు కావాలన్నా అప్పుడు ఆలోచించండి. స్టార్టప్ గుర్తింపు సొంత వ్యాపారానికి రాదు. పేరు పక్కన ‘ప్రైవేట్ లిమిటెడ్’ ఉంటే గొప్పగా ఉంటుందని మాత్రం పెట్టొద్దు.

పది మందో అంతకన్నా ఎక్కువో నేతన్నలు, పొదుపు సంఘం మహిళలు కలిసి చేయాలనుకుంటే సహకార సంఘం కూడా ఒక దారి. 1964 సహకార చట్టం, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం రెండూ ఉన్నాయి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్: ఉచితం

2020 జూలై 1 నుంచి చిన్న పరిశ్రమలకు ఇదే గుర్తింపు. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వివరాలు, ఆధార్‌కు లింకైన ఫోన్ ఉంటే చాలు. కాగితాలేవీ అప్‌లోడ్ చేయక్కర్లేదు. జీఎస్టీ అవసరం లేనివారు జీఎస్టీ నంబరు లేకుండానే చేసుకోవచ్చు. పాన్, జీఎస్టీ లేని మరీ చిన్న వ్యాపారాలకు ఉద్యమ్ అసిస్ట్ అని విడిగా ఉంది, బ్యాంకు ద్వారా చేస్తారు.

2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు ఇవి:
• సూక్ష్మ: యంత్రాల పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్ల లోపు
• చిన్న: పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్ల లోపు
• మధ్యతరహా: పెట్టుబడి 125 కోట్లు, టర్నోవర్ 500 కోట్ల లోపు

జాగ్రత్త: ప్రభుత్వ సైటు చిరునామా గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తుంది. అదే పేరులా కనిపించే ప్రైవేటు సైట్లు వేలల్లో ఫీజు అడుగుతాయి. ఉద్యమ్‌కు ప్రభుత్వ ఫీజు సున్నా.

జీఎస్టీ: హిందూపురం వాళ్లు ఇది తప్పక చదవాలి

ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పనిసరి. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది ఏంటంటే, పన్ను పడే సరుకును వేరే రాష్ట్రానికి పంపితే ఈ 40 లక్షల మినహాయింపు వర్తించదు. గౌరీబిదనూరు మన ఊరికి దగ్గరే కావొచ్చు, అది కర్ణాటక. అక్కడి అంగడికి బిల్లు రాసి సరుకు పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. బెంగళూరుకు పంపినా అంతే. మొదటి బండి బయలుదేరక ముందే రిజిస్ట్రేషన్ ఉండాలి.

చేతివృత్తుల వస్తువుల్లో కొన్నింటికి ఇందులో మినహాయింపు ఉంది. మీ సరుకు ఆ జాబితాలో ఉందో లేదో జీఎస్టీ కార్యాలయంలో అడగండి. సేవలకైతే సరిహద్దు దాటినా 20 లక్షల పరిమితే.

కాంపోజిషన్ పద్ధతిలో 1.5 కోట్ల టర్నోవర్ దాకా వ్యాపారులు 1 శాతం కడితే చాలు. కానీ ఇతర రాష్ట్రాలకు అమ్మకూడదు. సరిహద్దు వ్యాపారం ఉన్నవారికి ఇది కుదరదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు కూడా ప్రభుత్వ ఫీజు లేదు.

స్థానికంగా కావాల్సినవి

• మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి ట్రేడ్ లైసెన్స్
• కార్మిక శాఖలో షాపుల చట్టం కింద నమోదు
• తినే సరుకైతే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ లేదా లైసెన్స్
• 10 మంది పనివాళ్లుంటే ఈఎస్ఐ, 20 మంది అయితే పీఎఫ్

ధర్మవరం వ్యాపారులకు ఒక మాట. ధర్మవరం చేనేత పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు ఎవరి ఒక్కరి సొత్తూ కాదు. అర్హులైన నేతన్నలు, ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోవచ్చు. మీ సొంత బ్రాండుకు ట్రేడ్‌మార్క్ కావాలంటే వ్యక్తులకు, ఉద్యమ్ ఉన్న చిన్న సంస్థలకు ఆన్‌లైన్ ఫీజు 4,500. మిగతావారికి 9,000.

సబ్సిడీ కావాలంటే వరుస తప్పకండి

పీఎంఈజీపీ పథకంలో మొదటి లోను సబ్సిడీ కొత్త యూనిట్లకే. ఇప్పటికే నడుస్తున్న యూనిట్‌కు ఇవ్వరు. ముందు దరఖాస్తు, తర్వాత బ్యాంకు మంజూరు, ఆ తర్వాతే మిషన్. వ్యక్తి పేరుతో దరఖాస్తు చేయాలి. భాగస్వామ్యంగానో కంపెనీగానో వేస్తే కుదరదు. కుటుంబంలో ఒకరికే.

2022 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం తయారీకి 50 లక్షలు, సేవలకు 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు.
• జనరల్ వర్గం: పట్టణంలో 15 శాతం, గ్రామంలో 25 శాతం. సొంత వాటా 10 శాతం.
• ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు, దివ్యాంగులు, మాజీ సైనికులు: పట్టణంలో 25, గ్రామంలో 35 శాతం. సొంత వాటా 5 శాతం.

ఉదాహరణకు 10 లక్షలతో వేరుశనగ నూనె మిల్లు. హిందూపురం మున్సిపాలిటీలో జనరల్ పురుషుడు పెడితే సబ్సిడీ 1.5 లక్షలు. అదే మిల్లును పక్క పంచాయతీలో మహిళ పెడితే 3.5 లక్షలు. షెడ్ ఎక్కడ తీసుకోవాలో అడ్వాన్స్ ఇవ్వక ముందే ఆలోచించండి. సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది. యూనిట్ నడుస్తుంటేనే లోనులో సర్దుతారు. మూసేస్తే పోతుంది.

సబ్సిడీ లేకుండా లోను చాలనుకుంటే ముద్ర ఉంది. శిశు 50 వేలు, కిశోర్ 5 లక్షలు, తరుణ్ 10 లక్షల దాకా, తాకట్టు లేకుండా.

డబ్బు ఆగిపోతే

పెద్ద కంపెనీలకు విడిభాగాలు, జాబ్‌వర్క్ చేసే పెనుకొండ ప్రాంత యూనిట్లకు ఇది ముఖ్యం. ఉద్యమ్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. దీనిపై ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. సరుకు ఇవ్వక ముందే ఉద్యమ్ ఉండాలి, బిల్లు మీద ఆ నంబరు వేయాలి. తయారీ, సేవల వారికే ఈ రక్షణ. కొని అమ్మే వ్యాపారులకు వర్తించదు.

బయలుదేరే ముందు చూసుకోండి

☐ ఆధార్, పాన్‌లో పేరు ఒకేలా ఉందా? ఫోన్ లింకైందా?
☐ వాటాదారులతో మాట కాగితం మీదకు వచ్చిందా?
☐ షెడ్ అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు ఉన్నాయా?
☐ సరుకు కర్ణాటకకు వెళ్తుందా? అయితే జీఎస్టీ ముందు.
☐ సబ్సిడీ కావాలా? అయితే దరఖాస్తు అయ్యేదాకా మిషన్ కొనొద్దు.

ఎక్కడ అడగాలి: పథకాలకు జిల్లా పరిశ్రమల కేంద్రం, లోనుకు మీ బ్యాంకు బ్రాంచి, స్థానిక అనుమతులకు మీ గ్రామ లేదా వార్డు సచివాలయం. మధ్యవర్తికి డబ్బిచ్చే ముందు ఈ మూడు చోట్లా ఒకసారి అడగండి. సమాచారం అడిగినందుకు ఎక్కడా ఫీజు లేదు.